ప్రచ్ఛన్న యుద్ధాన్ని నడిపించింది భయమే

విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లినవాళ్లలో ఐఎన్‌ఎస్ కుర్సురాను చూడకుండా వచ్చేవాళ్లు తక్కువ. ఇసుక ఒడ్డున, 91 మీటర్ల పొడవున, నల్లగా పడుకుని ఉండే సబ్‌మెరైన్ అది. టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే టార్పెడోల గది, గుండ్రటి చిన్న ద్వారం, అందులోంచి తల వంచి కాళ్లు మడిచి దూరితే ఇంకో గది, మళ్లీ ఇంకో ద్వారం. ఎటు చూసినా గొట్టాలు, వాల్వులు, మీటర్లు. ఒకరు నిలబడితే ఇంకొకరు పక్కకు ఒరిగి దారివ్వాలి. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఇందులోనే తిని, ఇందులోనే పడుకుని, ఇందులోనే పనిచేశారంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

కుర్సురా 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన నేవీకి వచ్చింది. 2001లో సేవల నుంచి తప్పుకుని 2002 ఆగస్టులో మ్యూజియంగా మారింది. ఈ రకం సబ్‌మెరైన్లను అమెరికా, దాని మిత్రదేశాలు ఫాక్స్‌ట్రాట్ అని పిలిచేవి. ఇక్కడ మ్యూజియం తెరిచిన రెండు నెలలకు, అంటే 2002 అక్టోబర్‌లో, క్యూబా రాజధాని హవానాలో ఒక సమావేశం జరిగింది. సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెట్టడంతో అమెరికాతో యుద్ధం అంచుదాకా వెళ్లిన క్యూబా క్షిపణి సంక్షోభానికి 40 ఏళ్లు నిండాయని అమెరికా, రష్యా, క్యూబాలకు చెందిన అప్పటి అధికారులు, చరిత్రకారులు ఒకచోట కూర్చున్నారు. 1962 అక్టోబర్ 27న ఇదే ఫాక్స్‌ట్రాట్ రకానికి చెందిన ఒక సబ్‌మెరైన్‌లో ఏం జరిగిందన్నది ప్రపంచమంతా మాట్లాడుకున్నది ఆ సమావేశం తర్వాతే.

దాని పేరు బి-59. ఉత్తర ధ్రువానికి దగ్గరున్న తీరం నుంచి క్యూబా వైపు బయలుదేరిన నాలుగు సబ్‌మెరైన్లలో అదొకటి. చలి సముద్రాల కోసం కట్టినది కాబట్టి ఏసీ లాంటిదేమీ లేదు. వెచ్చటి నీళ్లలోకి వచ్చేసరికి లోపల వేడి 45 డిగ్రీలు దాటింది. బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయింది, తాగే నీళ్లు కొలిచి ఇస్తున్నారు, నావికులు నిలబడ్డ చోటే కళ్లు తిరిగి పడిపోతున్నారు. మాస్కోతో మాట్లాడి రోజులు గడిచాయి. పైన అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టి, పైకి తేలమని చెప్పడానికి చిన్న చిన్న పేలుడు గుళ్లను నీళ్లలోకి వదులుతున్నాయి. ఇవి సంకేతాలే తప్ప దాడి కాదని అమెరికా మాస్కోకు మూడు రోజుల ముందే చెప్పింది, కానీ ఆ కబురు సబ్‌మెరైన్‌కు అందలేదు. లోపలున్నవాళ్లకు తెలిసిందల్లా ఇనుప గోడల మీద ఎవరో సుత్తితో బాదుతున్నట్టు వినిపిస్తున్న చప్పుడే.

పైనున్న అమెరికన్లకు కూడా ఒక విషయం తెలియదు. బి-59లో ఉన్న టార్పెడోల్లో ఒకటి అణు టార్పెడో. అందులోనే పనిచేసిన వదీమ్ ఓర్లోవ్ అనే అధికారి తర్వాత చెప్పిన ప్రకారం, కెప్టెన్ వలెంతీన్ సవీత్‌స్కీకి ఓపిక నశించింది, పైన ఇప్పటికే యుద్ధం మొదలైపోయి ఉంటుందనుకుని ఆ టార్పెడోను సిద్ధం చేయమన్నాడు. అదే సబ్‌మెరైన్‌లో ఆ దళం చీఫ్ ఆఫ్ స్టాఫ్ వసీలీ అర్ఖీపొవ్ కూడా ఉన్నాడు. ఆయన సర్దిచెప్పాక కెప్టెన్ తగ్గాడు, సబ్‌మెరైన్ పైకి తేలింది. అర్ఖీపొవ్ గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. అంతకు ఏడాది ముందు, 1961 జూలైలో, కె-19 అనే అణు సబ్‌మెరైన్‌లో రియాక్టర్ పాడైనప్పుడు ఆయన అందులోనే ఉన్నాడు. తోటివాళ్లు రేడియేషన్ తగిలి రోజుల వ్యవధిలో చనిపోవడం చూసినవాడు. అణుశక్తి మనిషి ఒంటిని ఏం చేస్తుందో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు.

ఇంగ్లిష్‌లో దీన్ని కోల్డ్ వార్ అన్నారు, చల్లటి యుద్ధమని. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ప్రచ్ఛన్న యుద్ధం అని రాశారు, అంటే దాగి ఉన్న యుద్ధం. రెండింటిలో తెలుగు మాటే అసలు సంగతికి దగ్గరగా ఉంది. దాదాపు 45 ఏళ్లలో ప్రపంచం అంచుదాకా వెళ్లి వచ్చిన ఘడియలు చాలావరకు జనానికి కనిపించలేదు, ఎదుటి పక్షానికి కూడా కనిపించలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎదుటివాడి మనసులో ఏముందో ఇవతలివాడికి కనిపించలేదు. మామూలుగా ఈ కథను కమ్యూనిజానికీ పెట్టుబడిదారీ విధానానికీ మధ్య సిద్ధాంతాల పోరుగా చెప్తారు. అది అబద్ధం కాదు. సిద్ధాంతం వల్లే ఇద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. కానీ నిలబడ్డవాళ్లను అన్నేళ్లపాటు కదలనివ్వకుండా, ఆయుధం మీద ఆయుధం పేర్చేలా చేసింది మాత్రం భయం. ఒకడు తలుపుకు గడియ వేసుకుంటే, ఆ చప్పుడు పక్కింటివాడికి కత్తి దూసినట్టు వినిపించింది.

మొదట్నుంచీ అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ దాదాపు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకుంది. 1914లో, 1941లో, రెండుసార్లూ శత్రువు పడమటి నుంచే వచ్చాడు. మళ్లీ అలా జరగకూడదంటే పడమటి సరిహద్దు దేశాలన్నీ తన చెప్పుచేతల్లో ఉండాలని స్టాలిన్ లెక్క. అందుకోసం పోలాండ్, హంగరీ, చెకోస్లోవేకియాల్లో ప్రజల ఇష్టంతో పనిలేకుండా తన మనుషులను గద్దెనెక్కించాడు. రష్యన్లకు అది కంచె. అమెరికాకు, పశ్చిమ ఐరోపాకు అది దండయాత్ర. హిట్లర్ కూడా ఒక్కో దేశాన్నీ అలాగే మింగాడన్న జ్ఞాపకం వాళ్లకు ఇంకా పచ్చిగానే ఉంది. ఇందులో పోలిష్ రైతు, చెక్ కార్మికుడు పడ్డ బాధ నిజం, అది తాడును చూసి ఎవరో ఊహించుకున్న పాము కాదు. ఈ మాట గట్టిగా చెప్పకపోతే భయం కథ కాస్తా స్టాలిన్‌ను వెనకేసుకురావడానికి సాకుగా మారిపోతుంది.

1946లో వెళ్లిన రెండు టెలిగ్రామ్‌లను పక్కపక్కన పెట్టి చదివితే చాలా అర్థమవుతుంది. ఫిబ్రవరి 22న మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి జార్జ్ కెనన్ వాషింగ్టన్‌కు చాలా పొడవాటి టెలిగ్రామ్ పంపాడు. సోవియట్ పాలకుల్లో తరతరాల అభద్రత ఉందనీ, బయట అంతా శత్రువులేనని నమ్మించకపోతే వాళ్ల పాలన నిలవదనీ, వాళ్లతో శాశ్వతమైన రాజీ కుదరదనీ, గట్టిగా ఎదురు నిలబడితే మాత్రం వెనక్కి తగ్గుతారనీ దాని సారాంశం. అదే ఏడాది సెప్టెంబర్‌లో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి నికొలాయ్ నోవికొవ్ మాస్కోకు తన టెలిగ్రామ్ పంపాడు. అమెరికా ప్రపంచం మీద పెత్తనం కోరుతోందనీ, సొంత గడ్డకు వేల మైళ్ల దూరంలో స్థావరాలు కడుతోందనీ, సోవియట్ యూనియన్‌ను లక్ష్యంగా పెట్టుకునే సైన్యాన్ని పెంచుతోందనీ ఆయన రాశాడు. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరూ చూసింది చూసినట్టే రాశామనుకున్నారు. దేశాల పేర్లు మార్చేస్తే రెండింట్లోని భయం ఒకటే.

ఆ తర్వాతి అడుగులు వరసగా పడ్డాయి. 1947 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సాయం అడుగుతూ, కమ్యూనిజాన్ని ఎక్కడికక్కడ అడ్డుకుంటామన్నాడు. తర్వాత మార్షల్ ప్లాన్ కింద పశ్చిమ ఐరోపాకు దాదాపు 1,300 కోట్ల డాలర్లు వెళ్లాయి. ఆకలితో ఉన్న ఊళ్లలో బొగ్గు, గోధుమ, యంత్రాలు దిగాయి, అందులో సందేహం లేదు. స్టాలిన్‌కు మాత్రం అందులో డాలర్ గాలం కనిపించి, తన పక్కనున్న దేశాలేవీ ఆ సాయం తీసుకోకుండా ఆపేశాడు. 1948 జూన్‌లో, తన ఆధీనంలోని జర్మనీ భాగం మధ్యలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు మూసేశాడు. అమెరికా, బ్రిటన్ పదకొండు నెలలపాటు విమానాల్లో పిండి, బొగ్గు, పాలపొడి మోసి పశ్చిమ బెర్లిన్‌ను బతికించాయి. దిగ్బంధం ఇంకా సాగుతుండగానే, 1949 ఏప్రిల్‌లో, అమెరికా, దాని మిత్రదేశాల సైనిక కూటమి నాటో పుట్టింది. ఆగస్టు 29న సోవియట్ అణుబాంబు పేలింది, అక్టోబర్ 1న చైనాలో మావో జెండా ఎగిరింది. ఇక అక్కడి నుంచి వెనక్కి తిరగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఆయుధాల లెక్కలోనైతే భయం ఎలా పనిచేసిందో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరింది. 83.6 కిలోల ఆ గోళం అమెరికన్లకు చెప్పింది ఒకటే: ఉపగ్రహాన్ని పంపగల రాకెట్ బాంబును కూడా పంపగలదు. తమ దగ్గర క్షిపణులు ఇడ్లీలు దించినట్టు దిగుతున్నాయన్న ధోరణిలో సోవియట్ నేత కృశ్చేవ్ గొప్పలు పోయాడు. 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కెన్నెడీ, మనం క్షిపణుల్లో వెనకబడ్డామని ఊరూరా తిరిగి చెప్పాడు. అమెరికా జనం నమ్మారు, ఖర్చు పెరిగింది, క్షిపణులు పెరిగాయి. తీరా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలు వచ్చాక చూస్తే అమెరికాను చేరగల సోవియట్ క్షిపణులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. వెనకబడింది అమెరికా కానే కాదు.

ఇక్కడ చాలామంది గమనించని మలుపు ఒకటుంది. 1961 అక్టోబర్ 21న అమెరికా రక్షణ శాఖలో రెండో స్థానంలో ఉన్న రోజ్‌వెల్ గిల్‌పాట్రిక్ ఈ సంగతి బహిరంగంగానే చెప్పేశాడు, మా బలం మీకంటే చాలా ఎక్కువని. ఆయన ఉద్దేశం మాస్కోను నెమ్మదింపజేయడం. మాస్కోకు అర్థమైంది వేరు: మన గుట్టు వాళ్లకు తెలిసిపోయింది, ఇక వాళ్లే ముందు కొట్టినా కొట్టగలరు. అప్పటికే టర్కీలో, ఇటలీలో అమెరికా జూపిటర్ క్షిపణులు దిగుతున్నాయి, ఏప్రిల్‌లో క్యూబాపై అమెరికా వెనకుండి దాడి చేయించింది. దూరం పోయే క్షిపణులు తన దగ్గర చాలినన్ని లేవు కాబట్టి, ఉన్న మధ్యతరహా క్షిపణులనే అమెరికా గడప దగ్గరున్న క్యూబాకు తీసుకెళ్లి పెడితే లెక్క సరిపోతుందని కృశ్చేవ్ అనుకున్నాడు. క్యూబాను కాపాడినట్టూ అవుతుంది. ఇలా ఒక ప్రగల్భం అవతలివాళ్ల భయాన్ని పెంచి, ఆ భయం ఆయుధాలను పెంచి, ఆ ఆయుధాలు తిరిగి ప్రగల్భం పలికినవాడినే భయపెట్టాయి.

గిల్‌పాట్రిక్ మాట్లాడిన వారానికే, 1961 అక్టోబర్ 27న, బెర్లిన్‌లో తూర్పు, పశ్చిమ భాగాల మధ్య దారైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గర అమెరికా, సోవియట్ ట్యాంకులు ఎదురెదురుగా నిలిచాయి. ఊరిని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడ కట్టి అప్పటికి రెండున్నర నెలలే. ఫిరంగులు ఒకదాని వైపు ఒకటి గురిపెట్టి, ఇంజన్లు ఆపకుండా దాదాపు 16 గంటలు అలాగే ఉన్నాయి. కెన్నెడీ, కృశ్చేవ్ లోపాయికారీగా మాట్లాడుకున్నాక మొదట ఒక సోవియట్ ట్యాంకు కొన్ని గజాలు వెనక్కి జరిగింది, దాని తర్వాత ఒక అమెరికన్ ట్యాంకు. అలా ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, బి-59 చీకట్లో ఉంది.

ఆ 1962 అక్టోబర్ 27 నాడే క్యూబా మీద ఎగురుతున్న అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చేశారు, పైలట్ చనిపోయాడు. దీవి మీద దాడి చేయాల్సిందేనని కెన్నెడీ మీద సైనికాధికారుల ఒత్తిడి పెరిగింది. అప్పటికి క్యూబాలో 40 వేలకు పైగా సోవియట్ సైనికులున్నారనీ, తీరంలో దిగే సైన్యాన్ని మట్టుబెట్టడానికి చిన్న అణ్వాయుధాలు కూడా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయనీ అమెరికాకు తెలియదు. అప్పటి రక్షణ మంత్రి మెక్‌నమారాకే అది పూర్తిగా తెలిసింది 30 ఏళ్ల తర్వాత. ఆ రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌ను కలిసి, క్యూబాపై దాడి చేయమనీ, టర్కీలోని క్షిపణులు కూడా తీసేస్తామనీ, కానీ టర్కీ సంగతి మాత్రం బయటపెట్టొద్దనీ చెప్పాడు. మర్నాడు కృశ్చేవ్ ఒప్పుకున్నాడు. టర్కీ సంగతి ఏళ్ల తరబడి దాచడం వల్ల, బెదిరిస్తే అవతలివాడు లొంగుతాడన్న తప్పు పాఠం ఒక తరం అమెరికన్ నాయకులకు ఎక్కింది. వియత్నాంలో ఆ పాఠమే వాళ్లను ముంచింది.

ఇంత ప్రమాదంలో కబుర్లు ఎలా నడిచాయో దొబ్రీనిన్ తర్వాత చెప్పుకొచ్చాడు. మాస్కోకు టెలిగ్రామ్ పంపాలంటే సంకేత భాషలో రాసి, టెలిగ్రాఫ్ కంపెనీకి ఫోన్ చేస్తే, ఒక కుర్రాడు సైకిల్ మీద వచ్చి తీసుకెళ్లేవాడు. ఆ అబ్బాయి దారిలో ఎవరితోనైనా కబుర్లలో పడి ఆలస్యం చేయకుండా ఉంటే చాలని రాయబార కార్యాలయంలో కూర్చుని దేవుణ్ని వేడుకోవడమేనట. కోట్లాది ప్రాణాలు ఆ సైకిల్ వేగం మీద ఆధారపడ్డాయి. అందుకే 1963 ఆగస్టులో హాట్‌లైన్ పెట్టారు. చాలామంది అనుకునే ఎర్ర ఫోన్ కాదది, టెలిప్రింటర్. మాట తొందరపాటులో జారుతుంది, అనువాదంలో అర్థం మారుతుంది, కాగితం మీదైతే చదివి ఆలోచించుకోవచ్చని అలా ఏర్పాటు చేశారు.

ఇక్కడిదాకా చెప్పుకున్నదంతా జరగని యుద్ధం గురించి. జరిగిన యుద్ధాలు వేరే ఉన్నాయి, అవి ఇతరుల గడ్డ మీద జరిగాయి. ఆబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టని మన సామెత. కొరియాలో 1950 నుంచి 1953 వరకు 20 లక్షలకు పైనే చనిపోయారు, మొదలైన గీత దగ్గరే దాదాపుగా ఆగింది, ఈ రోజుకీ అక్కడ కాల్పుల విరమణే తప్ప శాంతి ఒప్పందం లేదు. వియత్నాంలో 58 వేలకు పైగా అమెరికన్లు, లక్షల్లో వియత్నామీయులు. లావోస్ అనే చిన్న దేశం మీద, యుద్ధం ప్రకటించకుండానే, తొమ్మిదేళ్లలో 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశారు. పేలకుండా మిగిలినవి ఇప్పటికీ పొలం దున్నేవాళ్ల కాళ్ల కింద పేలుతున్నాయి. ఇండొనేసియాలో 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్రతో కనీసం 5 లక్షల మందిని చంపారు, అమెరికా ఆ హంతకుల పక్షాన నిలిచింది. ఇరాన్‌లో 1953లో ప్రజలు ఎన్నుకున్న ప్రధాని మొసాద్దెక్‌ను అమెరికా, బ్రిటన్ కలిసి దించాయి. అటు సోవియట్లు 1956లో హంగరీ మీదికి, 1968లో చెకోస్లోవేకియా మీదికి ట్యాంకులు నడిపారు, 1979 డిసెంబర్‌లో అఫ్ఘానిస్తాన్‌లో దిగి దాదాపు 15 వేల మంది సొంత సైనికులను, లక్షలాది అఫ్ఘాన్లను బలిపెట్టి 1989 ఫిబ్రవరిలో వెనుదిరిగారు. వీళ్లందరికీ అది చల్లటి యుద్ధమని ఎవరు చెప్పగలరు?

తెలుగు నేలకు కూడా ఈ గొడవ దూరంగా ఏమీ లేదు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని కొనసాగించాలా ఆపాలా అన్న ప్రశ్న మాస్కో దాకా వెళ్లింది. 1951 మొదట్లో రహస్యంగా అక్కడికి వెళ్లి స్టాలిన్‌ను కలిసిన నలుగురు భారత కమ్యూనిస్టు నాయకుల్లో ఇద్దరు తెలుగువాళ్లు, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. ఆ ఏడాది అక్టోబర్‌లో పోరాటం విరమించారు. సోవియట్, చైనా పార్టీలు విడిపోతే ఆ చీలిక ఇక్కడిదాకా పాకింది. విడిపోవడానికి సిద్ధమైన వర్గం 1964 జూలైలో సమావేశమైంది తెనాలిలోనే. పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఒకే ఎర్రజెండా మోసినవాళ్లు మాటలు మానేసిన ఊళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లేకపోలేదు.

నష్టాలే కాదు, రెండు వైపుల నుంచీ అందినవీ ఉన్నాయి. అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయం కింద గోధుమలు వచ్చాయి. 1965-67 కరువులో ఆ గోధుమలే లేకపోతే ఎంతమంది ఆకలితో పోయేవారో. కానీ వియత్నాం మీద బాంబుల వర్షాన్ని భారత్ తప్పుబట్టిందన్న కోపంతో ప్రెసిడెంట్ జాన్సన్ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. తిండిగింజలు కూడా పోరులో భాగమైపోయాయి. సోవియట్ సాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత హైదరాబాద్ ఫార్మాను నిలబెట్టారు. కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చాక, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. విశాఖ ఉక్కు కోసం 1979లో ఒప్పందం కుదిరింది కూడా సోవియట్లతోనే. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, మంచి కాగితం మీద రంగుల బొమ్మలతో, విశాలాంధ్ర షాపుల్లో రూపాయికీ రెండు రూపాయలకీ దొరికేవి. మంచు కురిసే ఊళ్లను పల్నాటి ఎండలో చదువుకున్న పిల్లలు ఎంతమందో.

విశాఖ తీరానికైతే యుద్ధమే వచ్చింది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ తీరం దగ్గరే మునిగిపోయింది, అందులో ఉన్న 90 మందికి పైగా అందరూ చనిపోయారు. ఆ ఘాజీ అంతకుముందు అమెరికా నేవీలో డయాబ్లో అన్న పేరుతో తిరిగింది. పాకిస్తాన్‌కు అమెరికా ఇచ్చింది, మనకు కుర్సురాను సోవియట్ ఇచ్చింది. అదే నెలలో ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకతో అమెరికా దళం బంగాళాఖాతంలోకి వచ్చింది, దాని వెంట సోవియట్ నౌకలూ వచ్చాయి. అలీనంగా ఉందామనుకున్న మన దేశం, అంతకుముందు ఆ ఏడాది ఆగస్టు 9నే సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం మీద సంతకం చేయక తప్పని పరిస్థితికి వచ్చింది కూడా భయంతోనే. అమెరికా, చైనా, పాకిస్తాన్ ఒక్కటయ్యాయని ఢిల్లీకి కనిపించింది. ఆ భయానికి కారణం లేదని ఎవరూ అనలేరు.

1970లలో కాస్త తెరిపి ఇచ్చింది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నేత బ్రెజ్నెవ్ 1972లో ఆయుధాలకు పరిమితి పెట్టుకున్నారు. అది అఫ్ఘానిస్తాన్‌తో చెడిపోయింది. 1983 వచ్చేసరికి పరిస్థితి క్యూబా రోజులకు తీసిపోలేదు, కాకపోతే ఈసారి జనానికి తెలియలేదు. అమెరికా హఠాత్తుగా అణుదాడి చేస్తుందేమోనని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ అప్పటికి రెండేళ్లుగా కాపు కాస్తోంది. పాశ్చాత్య రాజధానుల్లో ప్రభుత్వ ఆఫీసుల్లో రాత్రిపూట ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో, బ్లడ్ బ్యాంకుల్లో రక్తం సేకరణ పెరిగిందో లేదో లెక్కపెట్టి పంపమని తన మనుషులకు చెప్పింది. ఏం కనిపించినా పంపాలి కాబట్టి వాళ్లు పంపేవారు, పంపారు కాబట్టి మాస్కో ఇంకా భయపడేది. సెప్టెంబర్ 1న దారి తప్పి తమ గగనతలంలోకి వచ్చిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చేసింది, 269 మంది చనిపోయారు.

ఇది జరిగి నాలుగు వారాలు కూడా కాలేదు. సెప్టెంబర్ 26, అర్ధరాత్రి దాటింది. మాస్కోకు దక్షిణాన సెర్పుఖొవ్-15 అనే భూగర్భ కేంద్రంలో స్తనిస్లావ్ పెత్రోవ్ డ్యూటీలో ఉన్నాడు. ఉపగ్రహాలు పట్టే సమాచారం చూసి, దాడి జరిగితే పైవాళ్లకు చెప్పడం ఆయన పని. సైరన్ మోగింది, తెర మీద ఎర్రటి అక్షరాల్లో క్షిపణి బయలుదేరిందని వచ్చింది. కాసేపటికి రెండోది, మూడోది, మొత్తం ఐదు. గదిలోవాళ్లంతా ఆయన ముఖం వైపే చూస్తున్నారు. నిజంగా యుద్ధం మొదలెట్టేవాడు ఐదంటే ఐదు క్షిపణులతో ఎందుకు మొదలెడతాడన్నది ఆయన ఆలోచన. నేల మీది రాడార్లకు కూడా ఏమీ కనిపించలేదు. ఒక చేతిలో ఫోన్ పట్టుకుని, ఇది యంత్రం పొరపాటని పైకి చెప్పాడు. తాను తప్పయితే పదిహేను నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ పదిహేను నిమిషాలు కూర్చున్నాడు. ఎత్తయిన మేఘాల మీద పడ్డ సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణుల మంట అనుకుందని తర్వాత తేలింది. మనవాళ్లు తాడును చూసి పాము అనుకోవడం అని చెప్పే భ్రాంతి, ఈసారి ఒక యంత్రానికి కలిగింది.

నవంబర్‌లో నాటో ఏబుల్ ఆర్చర్ పేరుతో, అణ్వాయుధాల ప్రయోగాన్ని అభ్యాసం చేసే డ్రిల్ జరిపింది. మాస్కోలో కొందరు దాన్ని నిజమైన దాడికి ముసుగేమోనని అనుమానించారు. ఆ రోజుల్లోనే అమెరికా అధ్యక్షుడు రీగన్ డైరీలో రాసుకున్న మాటలు ఈ మొత్తం కథకు కీలకం. సోవియట్లు తమ మీద దాడి జరుగుతుందని విపరీతంగా భయపడుతున్నారనీ, మనం మెత్తబడకుండానే, అలాంటి ఉద్దేశం ఇక్కడ ఎవరికీ లేదని వాళ్లకు చెప్పాలనీ రాసుకున్నాడు. ఎనిమిది నెలల క్రితం వాళ్లది పాప సామ్రాజ్యమని అన్నవాడే. అవతలివాడికి కూడా భయం ఉంటుందన్న చిన్న సంగతి, ఇన్ని వేల నిపుణులున్న దేశానికి అర్థం కావడానికి 37 ఏళ్లు పట్టింది. 1984 జనవరి నుంచి ఆయన మాట తీరు మారింది. 1985 మార్చిలో సోవియట్ గద్దె మీదికి గోర్బచేవ్ వచ్చాక వినేవాడు కూడా దొరికాడు.

అమెరికా ఖర్చుతో పోటీపడలేక సోవియట్ యూనియన్ కూలిందని ఇప్పటికీ చాలామంది చెప్తారు. అందులో కొంత ఉంది కానీ అదే మొత్తం అనడం సరికాదు. సోవియట్ ఆర్థిక వ్యవస్థ ఆయుధాల బరువు ఎప్పట్నుంచో మోస్తోంది, 1986లో చమురు ధర పడిపోయింది, చెర్నోబిల్ పేలింది, అఫ్ఘానిస్తాన్ నుంచి శవపేటికలు వస్తూనే ఉన్నాయి, పోలాండ్ నుంచి బాల్టిక్ దాకా జనం లేచి నిలబడ్డారు. ఇవన్నీ ఉన్నా, 1956లో లాగా ట్యాంకులు పంపి ఇంకో పదేళ్లు నెట్టుకురావచ్చు. గోర్బచేవ్ పంపలేదు. 1989లో తూర్పు ఐరోపా దేశాలు ఒక్కొక్కటే చేజారుతుంటే, పడమటి నుంచి దండయాత్ర వస్తుందన్న స్టాలిన్ నాటి భయాన్ని పక్కనపెట్టి ఊరుకున్నాడు. 1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1991 డిసెంబర్ 25న ఆయన రాజీనామా చేశాడు, మర్నాటికి ఆ దేశమే లేదు.

భయం తగ్గడానికి పనికొచ్చిన పనేమిటని చూస్తే, 1987 డిసెంబర్ 8న రీగన్, గోర్బచేవ్ సంతకం చేసిన, మధ్యతరహా క్షిపణులను రద్దుచేసే ఐఎన్ఎఫ్ ఒప్పందం దగ్గర ఆగాలి. దాని కింద 2,692 క్షిపణులను నాశనం చేశారు. అంతకంటే పెద్ద సంగతి తనిఖీలు. నమ్ము, కానీ సరిచూసుకో అనే రష్యన్ సామెతను రీగన్ ఎక్కడపడితే అక్కడ చెప్పేవాడు. సోవియట్ దేశంలోని వోత్కిన్స్క్ క్షిపణి ఫ్యాక్టరీ గేటు దగ్గర అమెరికన్లు, అమెరికాలో యూటా రాష్ట్రంలోని మాగ్నా ఫ్యాక్టరీ గేటు దగ్గర రష్యన్లు మకాం పెట్టి, బయటికొచ్చే ప్రతి పెద్ద బండినీ కొలిచి చూశారు. అలా 13 ఏళ్లు. ఒకప్పుడు కిటికీల్లో లైట్లు లెక్కపెట్టి భయపడ్డ దేశం, ఎదుటివాడి గుమ్మం ముందే కూర్చుని చూడగలిగింది.

1986లో ప్రపంచంలో దాదాపు 70 వేల అణ్వాయుధాలు ఉండేవి. ఇప్పుడు 12 వేల పైచిలుకు. ఐఎన్ఎఫ్ ఒప్పందం 2019 ఆగస్టులో రద్దయింది. ఆ తర్వాత మిగిలింది దూరం పోయే అణ్వాయుధాలకు పరిమితి పెట్టే న్యూ స్టార్ట్ ఒప్పందం. దాని ప్రకారం అమెరికా, రష్యా ఏడాదికి 18 సార్లు ఒకరి స్థావరాలకు ఒకరు వెళ్లి చూసుకునే వీలుండేది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆ తనిఖీలు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టేలోపు ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందాన్ని పక్కనపెట్టింది. దాని గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. ఇంకోసారి పొడిగించుకునే వీలు ఆ కాగితంలో లేదు.